గవర్నమెంట్ ఆఫీసులో ఏజెన్సీ తరఫున హెచ్‌ఆర్ లైజన్ ఉద్యోగం, బెంగళూరు: చేరవచ్చా?

అనంతపురం_అమ్మాయి · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది అనంతపురం. ఎంబీఏ అయ్యాక రెండేళ్ళు ఒక చిన్న కంపెనీలో రిక్రూట్‌మెంట్ చూశాను. ఇప్పుడు బెంగళూరులో ఒక మ్యాన్‌పవర్ ఏజెన్సీ నుంచి ఆఫర్ వచ్చింది. జీతం ఏజెన్సీది, కూర్చోవలసింది మాత్రం ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో. పోస్టు పేరు హెచ్‌ఆర్ లైజన్. అక్కడ ఏజెన్సీ తరఫున 64 మంది ఉన్నారట. హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు, డేటా ఎంట్రీ వాళ్ళు, డ్రైవర్లు, తోటపని చేసేవాళ్ళు, అటెండర్లు. వాళ్ళకీ ఆఫీసుకీ ఏజెన్సీకీ మధ్యలో నేను.

ఇంటర్వ్యూలో పనేంటని అడిగితే "అటెండెన్స్ చూసుకోవాలి, కంప్లయింట్లు రాకుండా చూసుకోవాలి" అన్నారు. అంతే. మా నాన్న గవర్నమెంట్ ఆఫీసు అనగానే సంతోషపడిపోయి ఊళ్ళో నలుగురికీ చెప్పేశారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఈ పని చేసినవాళ్ళు ఉంటే రోజూ ఏం చేస్తారో చెప్పండి. కన్నడ అర్థమవుతుంది, మాట్లాడటం అంతంత మాత్రం.

కోరమంగల_అక్క · సోమవారం, రాత్రి 10:25

చెల్లెమ్మా, నేను ఇదే పని పదకొండేళ్ళుగా చేస్తున్నాను. మూడు ఆఫీసులు చూశాను, నాలుగు ఏజెన్సీలు మారాయి. ముందు నాన్నగారికి ఒక మాట నెమ్మదిగా చెప్పు. ఇది గవర్నమెంట్ ఉద్యోగం కాదు. నీ ఐడీ కార్డు మీద ఏజెన్సీ పేరే ఉంటుంది. కాంట్రాక్టు అయిపోయి కొత్త ఏజెన్సీ వస్తే, వాళ్ళు నిన్ను ఉంచుకుంటేనే ఆ కుర్చీ నీది. ఈ సంగతి తెలిసి చేరితే తర్వాత బాధ ఉండదు.

ఇక పని గురించి. నువ్వు నెలంతా ఏం చేసినా అదంతా ఒక్కదాని కోసమే: ఏడో తారీఖు లోపల 64 మంది ఖాతాల్లో జీతం పడాలి. వినడానికి చిన్నమాటే. దాని వెనక నడిచే కాగితాన్ని చూడు. నెల చివర ప్రతి సెక్షన్ నుంచి హాజరు తెచ్చుకోవాలి. కేర్‌టేకర్ సంతకం పెట్టాలి. అది జనరల్ సెక్షన్‌కు పోతుంది. ఏజెన్సీ బిల్లు వేస్తుంది. బిల్లుకు జీతాల షీటు, బ్యాంకులో జీతం వేసిన రుజువు, పీఎఫ్ చలానా, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) చలానా జతచేయాలి. డీడీఓ, అంటే ఆఫీసులో బిల్లుల మీద సంతకం పెట్టే అధికారి, చూసి పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకు పంపిస్తారు. ఒక్క పేరు తేడా వచ్చినా, ఒక్క రోజు లెక్క తప్పినా, బిల్లు వెనక్కి వస్తుంది.

బిల్లుకు జీతం వేసిన రుజువు జతచేయాలన్నానా, దాని అర్థం ముందు జీతం, తర్వాత బిల్లు అని. చాలా ఏజెన్సీలు దీన్ని తలకిందులు చేస్తాయి. "ఆఫీసు నుంచి డబ్బు రాలేదమ్మా, వచ్చాక వేస్తాం" అంటారు. పనివాళ్ళు ఆఫీసు మీద కోపం పెంచుకుంటారు. ఆఫీసేమో ఏజెన్సీని అడగమంటుంది. ఇద్దరూ చివరికి నీ వైపు చూస్తారు. మార్చి బిల్లుల సమయంలో, కొత్త బడ్జెట్ కేటాయింపు వచ్చే లోపల, ఈ బాధ మరీ ఎక్కువ. చేరే ముందే ఏజెన్సీని ఒక్క ప్రశ్న అడుగు: బిల్లు రెండు నెలలు ఆగినా జీతాలు వేసే స్తోమత మీకుందా? వాళ్ళు తడబడితే ఆలోచించుకో.

చిత్తూరు_డేటాఎంట్రీ · సోమవారం, రాత్రి 11:08

నేను అవతలి వైపు మనిషిని. ఐదేళ్ళుగా బెంగళూరులోనే ఒక ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ మీద డేటా ఎంట్రీ చేస్తున్నాను. కోపంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా దగ్గర ఇప్పటిదాకా ముగ్గురు లైజన్లు మారారు. ముగ్గురూ ఏజెన్సీ మనుషులే. లీవు అడిగితే "కట్ అవుతుంది" అని చెప్పడానికి, మేం ఆఫీసరు దగ్గరికి వెళ్ళకుండా అడ్డుపడటానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. ఒకాయన కొత్తగా చేరేవాళ్ళ దగ్గర యూనిఫాం అని, రిజిస్ట్రేషన్ అని డబ్బు వసూలు చేశాడు. నా దగ్గరా తీసుకున్నాడు. ఆ డబ్బు మా అమ్మ చెవికమ్మలు కుదువపెట్టి ఇచ్చింది.

మీరు చేరండి, తప్పు లేదు. కానీ మొదటిరోజు అక్కడి వాళ్ళు మిమ్మల్ని నమ్మకపోతే, వాళ్ళు చెడ్డవాళ్ళని అనుకోకండి.

అనంతపురం_అమ్మాయి · మంగళవారం, ఉదయం 7:15

అన్నా, మీరు రాసింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు వసూలు సంగతి నాకసలు తెలియదు. చేరితే నా వల్ల ఎవరి దగ్గరా ఒక్క రూపాయి పోదు. ఈ మాట ఇక్కడే రాసి పెడుతున్నాను.

శివాజీనగర్_పీఎఫ్ · మంగళవారం, మధ్యాహ్నం 1:30

నేను పీఎఫ్, ఈఎస్ఐ పనులు చూసే కన్సల్టెంట్‌ని. చట్టం ఏమంటుందో తెలిస్తే నీకు గొంతు వస్తుంది, అందుకని రాస్తున్నాను.

1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనే ఉండేది: కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే అసలు యజమాని, అంటే ఆ ఆఫీసు, ఇవ్వాలి. తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన కొత్త చట్టాలు, అమల్లోకి వచ్చాయి. వాటిలోనూ ఈ బాధ్యత అలాగే ఉంది. నెల జీతం వచ్చే నెల ఏడో తారీఖు దాటకూడదు. ఉద్యోగం మానేసిన మనిషికి రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం తప్పనిసరి. కాబట్టి "బిల్లు పాసైతే జీతం" అనే మాట ఎవరన్నా, ఏ చట్టంలో ఉందో చూపించమని మర్యాదగా అడుగు.

ఈఎస్ఐ 21,000 దాకా జీతం ఉన్నవాళ్ళకు వర్తిస్తుంది. ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. పీఎఫ్‌లో ఇద్దరిదీ చెరి 12 శాతం. కొన్నిచోట్ల యజమాని వాటా కూడా ఉద్యోగి జీతంలోంచే కోస్తారు. జీతాల షీటు నీ చేతికి రాగానే మొదట చూడవలసింది ఆ గడి.

ఇంకోటి. కేంద్రం కింద వచ్చే పనులకు కనీస వేతనంలో కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. ఉత్తర్వు వచ్చినా ఏజెన్సీ పాత రేటుకే బిల్లు వేస్తూ పోతుంది, ఆఫీసు కూడా పట్టించుకోదు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది. 64 మందికి ఆరు నెలలు లెక్కేసి చూడు, ఎంతవుతుందో.

నుంగంబాక్కం_రిటైర్డ్ · మంగళవారం, రాత్రి 8:50

అమ్మాయీ, మాది నెల్లూరు. చెన్నై నుంగంబాక్కంలో ఒక కేంద్ర కార్యాలయంలో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అందులో 19 ఏళ్ళు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లోనే. మా రోజుల్లో హెచ్‌ఆర్ అనే మాట లేదు. ఆ పనంతా చేసింది మేమే.

మా సెక్షన్లో ఇనప బీరువా ఒకటుండేది. దాన్నిండా సర్వీసు పుస్తకాలు. ఒక్కొక్క ఉద్యోగికి ఒక్కొక్కటి. చేరిన తేదీ, పుట్టిన తేదీ, వేలిముద్రలు, ఇంక్రిమెంట్లు, సెలవులు, నామినేషన్లు, మనిషి ఉద్యోగ జీవితం మొత్తం అందులో ఉంటుంది. ఏడాదికోసారి ఆ పుస్తకం ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలని రూలు. కేంద్ర ఉద్యోగుల సప్లిమెంటరీ రూల్స్‌లో 202వ రూలు. చాలా సెక్షన్లు దాన్ని పట్టించుకోవు. మేం జనవరిలో పట్టుబట్టి చూపించేవాళ్ళం. ఒకసారి ఒక ప్యూను తన పుస్తకం చూసి "సార్, నాకు ముగ్గురు పిల్లలు, ఇందులో ఇద్దరే ఉన్నారు" అన్నాడు. మూడో అమ్మాయి పుట్టి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆరోజే రాశాం. ఆయన పోయాక ఆ ఒక్క వరస ఆధారంగానే ఆ అమ్మాయి ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నడిచాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నీ 64 మందికి సర్వీసు పుస్తకం లేదు. పన్నెండేళ్ళు ఒకే ఆఫీసులో ఊడ్చిన మనిషి ఎప్పటినుంచి ఊడుస్తోందో చెప్పే కాగితం ఆ ఆఫీసులో దొరకదు. ఏజెన్సీ మారినప్పుడల్లా ఆమె కొత్తగా చేరినట్టే రాస్తారు. కాబట్టి నువ్వు ఒక లావుపాటి లాంగ్ నోట్‌బుక్కు కొను. ఒక్కొక్కరికి రెండు పేజీలు వదులు. ఆధార్‌లో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా, ఏ సంవత్సరం నుంచి ఈ ఆఫీసులో ఉన్నారు, ఏయే ఏజెన్సీల కింద, యూఏఎన్ (ఏజెన్సీ మారినా మారని పీఎఫ్ నంబరు), ఈఎస్ఐ నంబరు, నామినీ ఎవరు, పిల్లలెంతమంది. ఏడాదికోసారి వాళ్ళకు చదివి వినిపించి సంతకం తీసుకో. ఎవరూ అడగరు. రూలూ లేదు. అయినా చెయ్యి.

మోడరేటర్ · మంగళవారం, రాత్రి 9:05

నోట్‌బుక్కు రాసేవాళ్ళు ఆధార్ నంబరు మొత్తం రాయవద్దు, చివరి నాలుగు అంకెలు చాలు. పుస్తకం తాళంలో పెట్టుకోండి. ఈ చర్చలోనూ ఎవరి నంబర్లూ పెట్టకండి.

పెరంబూరు_కోడలు · బుధవారం, ఉదయం 11:20

ఇక్కడ రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. నేను చెన్నైలో ఒక ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ మీద పనిచేస్తాను. కడుపుతో ఉన్నప్పుడు ఆరో నెలలో ఏజెన్సీ వాళ్ళు "నెలాఖరుకి మానెయ్యమ్మా, కాన్పయ్యాక చూద్దాం" అన్నారు. నేను సరేనన్నాను. మా అత్తగారూ సరేనన్నారు. మాకు తెలిసింది అంతే.

మా ఆఫీసులో లైజన్‌గా ఒక తమిళ అబ్బాయి ఉండేవాడు. నా టేబుల్ దగ్గరికొచ్చి "అక్కా, రాజీనామా కాగితం మీద సంతకం పెట్టారా?" అని అడిగాడు. ఇంకా లేదన్నాను. "పెట్టకండి" అన్నాడు. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకు ప్రసూతికి 26 వారాల జీతం వస్తుందని, ముందరి రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో (ఒక్కొక్కటి ఆరు నెలలు) కలిపి 70 రోజులకు డబ్బు కట్టి ఉంటే చాలని, అది ఏజెన్సీ జేబులోంచి కాదు, ఈఎస్ఐ నుంచే వస్తుందని అప్పుడే తెలిసింది. ఆ అబ్బాయి నా చలానాలన్నీ బయటికి తీసి రోజులు లెక్కపెట్టాడు. నా ఎదురుగా, వేళ్ళ మీద. 150 పైన ఉన్నాయి.

అయనావరం ఈఎస్ఐ ఆసుపత్రిలో కాన్పయింది. బాబు. ఇప్పుడు రెండేళ్ళు. నేను అదే టేబుల్ దగ్గర పనిచేస్తున్నాను. చిత్తూరు అన్న రాసినట్టు చెడ్డ లైజన్లు ఉంటారు, నిజమే. మంచివాళ్ళు ఉంటే ఏమవుతుందో కూడా అమ్మాయికి తెలియాలని రాశాను.

చిత్తూరు_డేటాఎంట్రీ · బుధవారం, మధ్యాహ్నం 2:40

అక్కా, చదివాను. మాకు అలాంటి అబ్బాయి ఒక్కడు దొరికుంటే బాగుండేది.

రిటైర్డ్ సార్‌ని ఒకటి అడగాలి. మేం ఇన్నేళ్ళు చేస్తున్నాం కదా, ఎప్పటికైనా పర్మినెంట్ అవుతామా? కొత్త లైజన్ వచ్చినప్పుడల్లా మా వాళ్ళు మొదట అడిగేది ఇదే. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు.

నుంగంబాక్కం_రిటైర్డ్ · బుధవారం, రాత్రి 8:15

బాబూ, ఆశ పెట్టి మోసం చేయడం నాకు ఇష్టం లేదు. 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఉమాదేవి కేసులో తీర్పు ఇచ్చింది. ఆ కేసు మీ కర్ణాటక నుంచి వెళ్ళిందే. పోటీ పద్ధతిలో కాకుండా తాత్కాలికంగా చేరినవాళ్ళకు పర్మినెంట్ అయ్యే హక్కు దానంతటది రాదని చెప్పింది. అప్పటినుంచి ఏ ఫైలు మీదైనా ఆ పేరే రాసి తిప్పి పంపుతున్నారు. అంతకు ముందు 2001లో, కాంట్రాక్టు వ్యవస్థ రద్దయినంత మాత్రాన కాంట్రాక్టు కార్మికులు అసలు యజమాని ఉద్యోగులైపోరని స్టీల్ అథారిటీ (సెయిల్) కేసులో సుప్రీంకోర్టే చెప్పింది.

అయితే 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే, కేంద్ర జల సంఘం ఆఫీసులో ఏళ్ళ తరబడి ఊడ్చేపని, తోటపని చేసినవాళ్ళను రెగ్యులరైజ్ చేయమంది. ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని ఏళ్ళ సేవను కొట్టిపారేయకూడదని కూడా అంది. వాళ్ళను ఆఫీసే నేరుగా పెట్టుకుంది, మధ్యలో ఏజెన్సీ లేదు. ఆ తేడా మరిచిపోవద్దు. ఏ కేసులోనైనా మొదట తేలవలసింది ఎన్నేళ్ళు పనిచేశారు, ఎవరి కింద చేశారు అనేవే. అందుకే నోట్‌బుక్కు అన్నాను.

ఆఫీసులు లైజన్‌ను పెట్టమని ఎందుకు పట్టుబడతాయో కూడా ఇక్కడే ఉంది. సెలవు మంజూరు, మందలింపు, పని పంపకం ఆఫీసరే నేరుగా చేస్తే, రేపు కోర్టులో "మా యజమాని ఏజెన్సీ కాదు, ఆఫీసే" అనడానికి దారి దొరుకుతుంది. ఆ దారి మూయడానికే మధ్యలో మనిషి. అమ్మాయీ, నిన్ను ఎందుకు కూర్చోబెడుతున్నారో తెలిసి కూర్చో. అక్కడ కూర్చుని ఎవరికి పనికొస్తావన్నది నీ చేతిలో ఉంది.

కోరమంగల_అక్క · గురువారం, ఉదయం 6:50

సార్ నామినీ అన్నారు కదా, నాకు నిద్ర లేకుండా చేసిన సంగతి ఒకటి రాస్తాను.

నాలుగేళ్ళ కిందట మా దగ్గర హిందూపురం డ్రైవరు ఒకడు ఆదివారం ఇంట్లో గుండెపోటుతో పోయాడు. 38 ఏళ్ళు. పీఎఫ్‌లో నామినీగా వాళ్ళ అమ్మ పేరుంది, పెళ్ళికి ముందు రాసింది. పెళ్ళయ్యాక ఆ నామినేషన్ చెల్లదు, కొత్తది ఇవ్వాలి. నాకు ఆ రూలు తెలుసు. అతనికి చెబుదామని రెండుసార్లు అనుకున్నాను కూడా. కారెక్కి వెళ్ళిపోయేవాడు, నేనూ వదిలేశాను.

పీఎఫ్ ఉన్న ఉద్యోగి సర్వీసులో ఉండగా పోతే ఈడీఎల్ఐ అని బీమా ఉంటుంది, ఏడాది పైన సర్వీసుంటే కనీసం 2.5 లక్షలు, గరిష్ఠంగా 7 లక్షలు. వితంతు పెన్షన్ వేరే. వాటిలో భార్యకు రావలసింది ఉంది. కానీ నామినేషన్ లేకపోవడంతో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలన్నారు. కర్ణాటక వాళ్ళయితే నాడకచేరిలో, అంటే ఇక్కడి రెవెన్యూ ఆఫీసులో, వంశవృక్ష సర్టిఫికెట్ తీసుకుంటారు. వీళ్ళది ఆంధ్రా కాబట్టి ఆ అమ్మాయి చిన్నపిల్లను చంకనేసుకుని హిందూపురం నాలుగుసార్లు తిరిగింది. అత్తగారు మొదట సంతకం పెట్టనంది. ఏడు నెలలు పట్టింది. డబ్బు వచ్చినరోజు ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసి థాంక్స్ చెప్పింది. ఆమెతో ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. ఒక్క పది నిమిషాలు అతన్ని కూర్చోబెట్టి ఫోన్‌లో ఈ-నామినేషన్ చేయించి ఉంటే ఆ ఏడు నెలలు ఉండేవి కావు.

నువ్వు చేరిన మొదటి నెలలోనే 64 మందివీ చూడు. పెళ్ళయినవాళ్ళవి ముందు.

అనంతపురం_అమ్మాయి · 24 రోజుల తర్వాత, శనివారం, సాయంత్రం 5:30

చేరాను. మడివాళలో పీజీలో ఉంటున్నాను. నాన్నకు విడమర్చి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "జీతం టైముకి ఇస్తారా?" అని ఒక్కటే అడిగారు.

ఒక సమస్య వచ్చింది. మా దగ్గర హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు 22 మంది. ఎక్కువమంది ఈజీపుర వైపు నుంచి వస్తారు. ఎనిమిదికల్లా ఆఫీసులో ఉండాలి. ఆధార్ వేలిముద్ర మెషీన్‌లో హాజరు వేయాలి. ఏడుగురికి ముద్ర పడటం లేదు. నేను పక్కన నిలబడి చూశాను. మదనపల్లె ఆమె ఒకావిడ ఉంది, యాభై దాటి ఉంటాయి. చెయ్యి చీరకు తుడుచుకుని బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. చూపుడువేలు పెట్టింది. ఎర్ర లైటు. జుట్టుకు రాసుకుని పెట్టింది, నూనె అంటితే పడుతుందని వాళ్ళలో ఒక నమ్మకం. మళ్ళీ ఎర్ర లైటే. నేను ఆమె చెయ్యి పట్టుకుని చూశాను. వేలికొనలు నున్నగా ఉన్నాయి, గీతలే లేవు. ఫినాయిలు, యాసిడ్, బ్లీచింగ్, పద్నాలుగేళ్ళు. వెనక లైన్లో నిలబడ్డవాళ్ళు తొందరపెడుతుంటే ఆమె పక్కకు తప్పుకుని "పర్లేదులే మేడమ్, అందరూ వెయ్యనీ" అంది.

పోయిన నెల ఆమెకు తొమ్మిది రోజులు ఆబ్సెంట్ పడింది. తొమ్మిది రోజులూ వచ్చింది. నేను కేర్‌టేకర్‌ని అడిగితే "మెషీన్‌లో లేకపోతే నేనేం చేయను" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, ఆయనకూ పైన ఆడిట్ భయం. ఏం చేయాలి?

శివాజీనగర్_పీఎఫ్ · శనివారం, సాయంత్రం 6:45

ఆ హాజరు పద్ధతిలో వేలిముద్ర ఒక్కటే కాదు, కనుపాప, ముఖం చూపించి వేసే వీలూ ఉంది. ముఖం చూపించేది ఫోన్‌లోనే అయిపోతుంది. ఆఫీసులో ఆ విధానం చూసే నోడల్ అధికారి ఉంటారు. ఆ ఏడుగురికీ ముఖం ద్వారా హాజరు తెరవమని రాతపూర్వకంగా అడుగు. నోటితో అడిగితే గాలికి పోతుంది.

అది వచ్చేలోపల చేత్తో రాసే రిజిస్టరు పెట్టు. వచ్చిన టైము, వెళ్ళిన టైము, ఆ ఫ్లోరులో ఎవరైనా రెగ్యులర్ ఉద్యోగి సంతకం. కేర్‌టేకర్‌కు ఆడిట్ భయం కదా, ఆయన చేతికి కాగితం ఇస్తే భయం పోతుంది.

కోరమంగల_అక్క · శనివారం, రాత్రి 9:10

పోయిన నెల తొమ్మిది రోజులూ వదలకు. ఆ ఫ్లోరు సెక్షన్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, ఆ తొమ్మిది రోజులూ ఆమె వచ్చిందా అని అడుగు. రోజూ తన టేబుల్ తుడిచే మనిషి వచ్చిందో లేదో ఆయనకు తెలుసు. ఒక్క వరస రాసిస్తే చాలు, వచ్చే బిల్లులో ఆ బకాయి కలపవచ్చు.

అనంతపురం_అమ్మాయి · ఆరు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 10:15

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. పని ఊపిరాడనివ్వడం లేదు.

సెక్షన్ ఆఫీసరు రాసిచ్చారు. ఆయన కన్నడిగులు. నేను వచ్చీరాని కన్నడలో అడిగితే ఓపిగ్గా విని, ఒక్క వరస కాదు, అర పేజీ రాశారు. తొమ్మిది రోజుల జీతం పోయిన బిల్లులో కలిసింది. ఏడుగురిలో ఐదుగురికి ముఖం ద్వారా హాజరు పనిచేస్తోంది. ఇద్దరికి ఆధార్‌లో ఫొటో చాలా పాతది, పోల్చుకోవడం లేదు. వాళ్ళను వచ్చే శనివారం ఆధార్ సేవా కేంద్రానికి తీసుకెళ్తున్నాను. అంతదాకా వాళ్ళకు రిజిస్టరే.

ఇంకొకటి చెప్పాలి. ఏజెన్సీ సూపర్‌వైజరు ఒకరోజు వచ్చి, హౌస్‌కీపింగ్ వాళ్ళ ఏటీఎం కార్డులు నా డ్రాయర్‌లో పెట్టుకోమన్నాడు. "వాళ్ళకు వాడటం రాదు, నెలనెలా నేనే తీసి ఇస్తా" అన్నాడు. మొదట నాకు అర్థం కాలేదు. రాత్రి ఆలోచిస్తే అర్థమైంది. ఖాతాలో పూర్తి జీతం పడినట్టు రుజువు ఉంటుంది, చేతికి ఎంత వస్తుందో ఎవరికీ తెలియదు. మర్నాడు వద్దన్నాను. ఎందుకో మెయిల్‌లో రాసి, ఆఫీసు జనరల్ సెక్షన్‌కు కూడా కాపీ పెట్టాను. చేతులు వణికాయి. ఇంతవరకు జవాబు రాలేదు, కానీ కార్డులన్నీ వాళ్ళ దగ్గరికే తిరిగి వచ్చాయి. ఈ ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందో తెలియదు.

చిత్తూరు_డేటాఎంట్రీ · ఆదివారం, ఉదయం 11:00

చెల్లెమ్మా, ఆ మెయిల్ ప్రింట్ తీసి ఇంట్లో ఒకటి పెట్టుకో. మొదట్లో నీ మీద కోపంగా రాశాను. అది వెనక్కి తీసుకుంటున్నాను.

శివాజీనగర్_పీఎఫ్ · ఆదివారం, మధ్యాహ్నం 12:20

చాలా మంచి పని చేశావు. నోట్‌బుక్కు ఎంతవరకు వచ్చింది? పేర్లలో తేడాలు కనిపించాయా? మనవాళ్ళకు అక్కడే ఎక్కువ దెబ్బ.

అనంతపురం_అమ్మాయి · ఆదివారం, మధ్యాహ్నం 3:40

కనిపించాయి సార్. 64 మందిలో 19 మందికి పీఎఫ్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు. ఆంధ్రాలో తీసిన ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది. ఇక్కడ తీసినదాంట్లో ఇంటిపేరే లేదు, లేదా నాన్న పేరులో మొదటి అక్షరం చివరన ఉంది. ఒకామె ఆధార్‌లో వెంకటలక్ష్మమ్మ, పీఎఫ్‌లో వెంకటలక్ష్మి, బ్యాంకులో లక్ష్మమ్మ. ముగ్గురూ ఒకటే మనిషి అని ఆమెకూ నాకూ తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. కూతురి పెళ్ళికి పీఎఫ్ అడ్వాన్సు పెట్టుకుంటే రెండుసార్లు రిజెక్టు అయిందట. ఎందుకో ఎవరూ చెప్పలేదు. పెళ్ళికి వడ్డీకి తెచ్చుకుంది, ఇంకా కడుతోంది.

శివాజీనగర్_పీఎఫ్ · ఆదివారం, సాయంత్రం 4:30

2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్‌తో వచ్చిన యూఏఎన్ అయితే, పేరు, పుట్టిన తేదీ లాంటివి ఉద్యోగే ఆన్‌లైన్‌లో సరిచేసుకోవచ్చు, యజమాని ఆమోదం అక్కర్లేదు. 2025 జనవరి నుంచి ఈ సౌకర్యం ఉంది. అంతకు ముందు నంబరైతే జాయింట్ డిక్లరేషన్ (ఉద్యోగీ యజమానీ కలిసి ఇచ్చే సవరణ దరఖాస్తు) పెట్టి మీ ఏజెన్సీ చేత ఆమోదింపజెయ్యి. బ్యాంకులో పేరు కూడా ఆధార్ ప్రకారమే మార్పించు. పాత ఏజెన్సీలు మానేసిన తేదీ వేయకుండా వదిలేసి ఉంటాయి. చివరి చందా పడి రెండు నెలలు దాటితే ఆ తేదీని ఉద్యోగే వేసుకోవచ్చు, దానికి పాత ఏజెన్సీని బతిమాలనక్కర్లేదు. 19 మందినీ ఈ రెండు రకాలుగా విడగొట్టు, సగం పని ఒక వారంలో అయిపోతుంది.

నుంగంబాక్కం_రిటైర్డ్ · ఆదివారం, రాత్రి 7:55

అమ్మాయీ, పుస్తకంలో సంతకాలు తీసుకున్నావా?

అనంతపురం_అమ్మాయి · ఆదివారం, రాత్రి 9:20

41 మందివి అయ్యాయి సార్. మధ్యాహ్నం భోజనాల తర్వాత మెట్ల కింద కూర్చుని ఒక్కొక్కరిదీ చదివి వినిపిస్తున్నాను. మదనపల్లె ఆమెకు సంతకం రాదు. స్టాంప్ ప్యాడ్ తెచ్చి వేలిముద్ర తీసుకుందామనుకున్నాను. కాగితం మీద గుండ్రంగా నీలం మచ్చ పడింది తప్ప గీతలు రాలేదు. ఆమె మచ్చను చూసి, నన్ను చూసి, "మీ పెన్ను ఇయ్యండి" అంది. నేను వేరే కాగితం మీద ఆమె పేరు రాసిచ్చాను. దాన్ని చూస్తూ ఒక్కొక్క అక్షరం వేసింది. చాలాసేపు పట్టింది. మచ్చ పక్కనే ఉంది.

ఆమె పేజీలో మొదటి వరస, చేరిన సంవత్సరం, ఇంకా ఖాళీగా ఉంది. 2011 అని ఆమె అంటోంది, 2012 అని పక్కామె అంటోంది. అప్పటి ఏజెన్సీ ఇప్పుడు లేదు. సోమవారం జనరల్ సెక్షన్‌లో పాత గేటు పాసుల రిజిస్టర్లు అడుగుతాను.

నుంగంబాక్కం_రిటైర్డ్ · ఆదివారం, రాత్రి 9:45

గేటు పాసులు దొరక్కపోతే, ఆ సంవత్సరాల హౌస్‌కీపింగ్ బిల్లు ఫైళ్ళు రికార్డు రూములో అడుగు. బిల్లుకు పేర్ల జాబితా కుట్టి ఉంటుంది. రికార్డు రూము చూసే మనిషి దగ్గరికి ఉదయమే వెళ్ళు, పదకొండు దాటితే ఆయన దొరకడు.